విశాఖలో హోటల్ గది: అడ్వాన్సు కట్టేముందు ఏమేం చూసుకోవాలి?

సిక్కోలు చిన్నోడు

అందరికీ నమస్కారం. వచ్చే నెల నాన్నకి గుండె పరీక్షలు చేయించడానికి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆస్పత్రి) తీసుకురావాలి. నాకు బెంగళూరులో వెంటనే సెలవు దొరకట్లేదు. అందుకని ముందు అమ్మా నాన్నా ఇద్దరే ఆమదాలవలసలో రైలెక్కి వచ్చి గదిలో దిగుతారు. నేను తర్వాత కలుస్తాను. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు లాడ్జి అయితే ఆస్పత్రికి దగ్గరగా ఉంటుందని చూస్తున్నాను.

మ్యాప్‌లో ఒక హోటల్ కనబడింది. అక్కడున్న నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. వాట్సాప్‌లో గది ఫొటోలు పంపాడు. "ఈ రోజు సగం కట్టేస్తే 30 శాతం తగ్గిస్తాం, సాయంత్రం దాటితే రేటు మారిపోద్ది సార్" అని క్యూఆర్ కోడ్ పెట్టాడు. స్కాన్ చేస్తే హోటల్ పేరు రావట్లేదు, ఎవరో మనిషి పేరు వస్తోంది. అడిగితే "మా ఓనరు గారి అకౌంటండి" అంటున్నాడు. ఇంకా కట్టలేదు. అమ్మానాన్నలకి ఊరు కొత్త, ఫోన్లో డబ్బులు కట్టడం నాన్నకి అంతంతమాత్రం. ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక రవి

కట్టకండి. ఆ నంబరుకి మళ్లీ ఫోన్ కూడా చేయకండి. హోటల్ పేరు నాకు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి. డ్యూటీ అయ్యాక రోజూ డాబాగార్డెన్స్ మీదుగానే ఇంటికెళ్తాను, ఆగి కనుక్కుంటాను.

డాబాగార్డెన్స్ డెస్క్

చిన్నోడు గారూ, నేను ఇక్కడే ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసు చూస్తాను. మీరు చెప్పినలాంటి కేసు మా కౌంటరు ముందుకి వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

దసరా సెలవులకి బెంగాల్ నుంచి విశాఖ వచ్చేవాళ్లు ఎక్కువ. తెల్లవారుజామున హౌరా రైలు దిగి ఒక కుటుంబం వచ్చింది. పెద్దావిడ, కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు. చేతిలో ప్రింటు తీసిన బుకింగ్ స్లిప్పు. మా లోగో, మా లాబీ ఫొటో, మా అడ్రసు అన్నీ దానిమీద ఉన్నాయి. ఫోన్ నంబరు మాత్రం మాది కాదు. రిజిస్టరులో వాళ్ల పేరే లేదు. గదులన్నీ నిండిపోయి ఉన్నాయి. మొత్తం డబ్బు ముందే కట్టేశారట, కట్టింది ఎవరికో. ఆ పెద్దావిడ బ్యాగు మీద కూర్చుండిపోయింది. ఆవిడ ముఖం చూసి మా కుర్రాళ్లెవరికీ నోట మాట రాలేదు. చుట్టుపక్కల నాలుగైదు చోట్లకి ఫోన్లు చేసి గది ఇప్పించాం గానీ, పోయిన డబ్బు మేమెలా తెస్తాం?

తర్వాత వెతికితే విషయం తెలిసింది. మ్యాప్‌లో మా హోటల్ పేజీలో ఎవడో నంబరు మార్చేశాడు. ఫోన్ నంబరు సరిదిద్దమని ఎవరైనా సూచించవచ్చు. యజమాని ఆ పేజీని తన పేర వెరిఫై చేయించుకుని, ఎప్పటికప్పుడు చూసుకోకపోతే ఆ మార్పు అలాగే నిలబడిపోతుంది. పాత లాడ్జిల వాళ్లు చాలామంది ఆ పేజీ వైపే చూడరు. కాబట్టి మ్యాప్‌లో ఉందంటే అది హోటల్ నంబరే అన్న గ్యారంటీ లేదు.

మీరు చేయాల్సిందల్లా ఇంకో దారిలో నంబరు సంపాదించడం. విశాఖ హోటళ్లలో చాలావాటికి ఇప్పటికీ 0891తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ ఉంటుంది. బుకింగ్ యాప్‌లో, హోటల్ సొంత సైటులో, మ్యాప్‌లో ఒకే నంబరు ఉందో లేదో పోల్చండి. తేడా ఉంటే ల్యాండ్‌లైన్‌కే చేసి "నా పేరు మీద గది ఉందా?" అని అడగండి.

ఎవడైనా అడ్వాన్సు అడిగితే "ఇప్పుడే వీడియో కాల్ చేసి, రిసెప్షన్ నుంచి బయటికొచ్చి బోర్డూ రోడ్డూ చూపించండి" అనండి. నిజంగా హోటల్లో ఉన్న మనిషికి అది క్షణం పని. దొంగ మాత్రం సిగ్నల్ లేదంటాడు, మేనేజరు ఒప్పుకోడంటాడు, లేదా కాల్ కట్ చేస్తాడు.

బ్యాంకు మాష్టారు

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు కనబడే పేరు గురించి చెప్తాను, చిన్నోడు సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగాడు.

2025 జూన్ చివరి నుంచి యూపీఐ యాప్‌లన్నీ డబ్బు పంపేముందు బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరునే చూపించాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది. అంతకుముందు అవతలివాడు యాప్‌లో తనకి నచ్చిన పేరు పెట్టుకుంటే అదే కనబడేది. ఇప్పుడు ఆ పేరు మీకు పెద్ద ఆధారం. హోటల్ కరెంటు ఖాతా అయితే వ్యాపారం పేరు వస్తుంది. చిన్న లాడ్జి అయితే ఓనరు సొంత పేరూ రావచ్చు, కాదనను. అలాంటప్పుడు ల్యాండ్‌లైన్‌కి చేసి ఆ పేరు చెప్పి అడగండి. వాళ్లు అవునంటేనే కట్టండి.

రెండో మాట అమ్మానాన్నలకి చెప్పాల్సింది. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టామంటే మన డబ్బు బయటికి పోతున్నట్టే. "బుకింగ్ క్యాన్సిలైంది, రిఫండు వేస్తాను, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగే.

ఈ మధ్య ఇంకో రకం నడుస్తోంది. మా పక్కింటాయన అల్లుడికి జరిగింది. "మీ రిజిస్ట్రేషన్ టోకెన్ 18750, అది అమౌంటు గడిలో కొట్టండి, డబ్బు కట్ అవ్వదు, వెరిఫికేషన్ కోసమే" అన్నాడట. టోకెన్ అనుకుని కొట్టేశాడు. అది అచ్చంగా పద్దెనిమిది వేల ఏడువందల యాభై రూపాయలు. అమౌంటు గడిలో ఏ అంకె వేసినా అది డబ్బే.

సిక్కోలు చిన్నోడు

రవి అన్నా, నీకు రుణపడి ఉంటాను. అన్న సాయంత్రం స్వయంగా హోటల్‌కి వెళ్లి అడిగాడు. మ్యాప్‌లో ఉన్న నంబరు వాళ్లది కాదు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు కూడా ఆ హోటల్‌వి కావు. అసలు హోటల్ వాళ్లు కౌంటరులోని క్యూఆర్ ఫొటో పంపారు, స్కాన్ చేస్తే హోటల్ పేరే వచ్చింది. ఒక్క రోజు అద్దె మాత్రమే అడ్వాన్సుగా తీసుకుని రసీదు ఇచ్చారు. గది ఖాయమైంది.

ఇంకో సంగతి. నేను కట్టనని చెప్పేసరికి ఆ మర్యాదస్తుడు బూతులు మొదలెట్టాడు. ఆ నంబరు మీద టెలికాం శాఖవారి సంచార్ సాథీ సైటులో చక్షు అన్నచోట ఫిర్యాదు చేశాను.

ఎంవీపీ పద్మజ

గది దొరికాక కూడా జాగ్రత్తగా ఉండాలి. మా ఆడపడుచు వాళ్లు పిల్లల్ని తీసుకుని బీచ్‌రోడ్డులో దిగారు. రాత్రి పడుకోబోతుంటే గదిలో ఇంటర్‌కమ్ మోగింది. "రిసెప్షన్ నుంచండి, మీరు ఇందాక కట్టింది ఫెయిలైంది, సిస్టమ్ డౌన్ అయింది, కార్డు నంబరు ఒక్కసారి చెప్పండి, కిందికి దిగే శ్రమ మీకెందుకు" అన్నారట. గదిలో ఫోనే కాబట్టి రిసెప్షనే అనుకోవడం సహజం. తను మాత్రం "పర్లేదు, నేనే కిందికొస్తాను" అని చెప్పి పెట్టేసింది. దిగి అడిగితే కౌంటరులో ఎవరూ ఫోన్ చేయలేదు.

బయటివాళ్లు గదికి ఎలా ఫోన్ చేయగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డెస్క్ గారూ, మీకు తెలిస్తే చెప్పండి.

డాబాగార్డెన్స్ డెస్క్

చాలా తేలికండి. హోటల్ బోర్డు నంబరుకి బయట నుంచి ఫోన్ చేసి "305కి కలపండి" అంటారు. రాత్రి డ్యూటీ కుర్రాడు నిద్రమత్తులో కలిపేస్తాడు. గదిలో మోగేసరికి లోపలి కాల్ అనుకుంటారు. మా దగ్గర ఇప్పుడు గెస్టు పేరు చెప్పకపోతే కలపం. పేరు చెప్పినా ముందు గెస్టుని అడిగి కలుపుతాం. అన్నిచోట్లా అలా చేయరు.

పద్మజ గారి ఆడపడుచు చేసినట్టే చేయండి. రిసెప్షన్ కింద అంతస్తులోనే ఉంది కదా, ఎంత రాత్రయినా దిగి అడగండి. దిగే ఓపిక లేకపోతే ఫోన్ పెట్టేసి, గదిలో రాసి ఉన్న రిసెప్షన్ నంబరు మీరే నొక్కండి.

యాప్‌లో బుక్ చేసుకునేవాళ్లకి ఇంకో హెచ్చరిక. ఒక్కోసారి హోటల్ కంప్యూటర్‌కే "గెస్టు కంప్లయింటు, ఫొటోలు చూడండి" అని ఈమెయిల్ వస్తుంది. స్టాఫ్ ఆ లింకు నొక్కితే బుకింగ్ ఖాతా పాస్‌వర్డు దొంగ చేతికి పోతుంది. అప్పుడు వాడికి మీ పేరు, మీరొచ్చే తేదీ, గది రకం అన్నీ తెలుస్తాయి. ఆ యాప్ చాట్‌లోనే, హోటల్ పేరుతోనే "12 గంటల్లో కార్డు వెరిఫై చేయకపోతే బుకింగ్ రద్దవుతుంది" అని లింకు పంపుతాడు. వివరాలన్నీ సరిపోతాయి కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా నమ్మేస్తారు. చాట్‌లో లింకు వచ్చిందంటే ఎంత నిజంలా ఉన్నా నొక్కకండి. యాప్‌లో పేమెంటు పేజీకి మీరే వెళ్లి బాకీ ఉందో లేదో చూసుకోండి.

కంచరపాలెం కుర్రోడు

స్టేషన్ బయట జరిగేది కూడా చెప్పాలి. ఆటో ఎక్కి లాడ్జి పేరు చెప్పగానే "అది మూసేశారండి", "అక్కడ నీళ్లు రావట్లేదండి", "నిన్న పోలీసు రైడు జరిగింది, ఫ్యామిలీతో వెళ్లకండి" అని మొదలెడతారు. కమీషన్ ఇచ్చే లాడ్జికి తీసుకుపోవాలని అన్నమాట. ఆ కమీషన్ మన గది అద్దెలోనే కలుస్తుంది. అందరు డ్రైవర్లూ అలాంటివాళ్లు కాదు. మా నాన్న కూడా ఆటోయే నడుపుతాడు, ఆయనకి ఈ పని చేసేవాళ్లంటే మహా కోపం. అలా ఎవరైనా అంటే అక్కడే, ఆటోలోనే, హోటల్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. మాట అక్కడితో ఆగిపోతుంది.

పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి హోటల్ అడ్రసు, ల్యాండ్‌లైన్ నంబరు కాగితం మీద తెలుగులో రాసి అమ్మ చేతికివ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొస్తుంది.

సీతమ్మధార శ్రీవల్లి

చెకౌటు సంగతి ముందే అడగండి. ఆర్టీసీ కాంప్లెక్స్, స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిల్లో చాలాచోట్ల దిగిన గంట నుంచి 24 గంటలు లెక్క. కొన్ని హోటళ్లలో మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలి. ఉదయం 6కి దిగి మర్నాడు 12 దాకా ఒక్క రోజే అనుకుంటే, 24 గంటల లాడ్జిలో రెండో రోజు అద్దె వేస్తారు. అది మోసం కాదు, కానీ బిల్లు చూసి గొడవ పడతాం.

ఇంకొకటి, విశాఖ అడ్రసు ఉన్న ఆధార్‌తో విశాఖలోనే గది తీసుకోబోతే కొన్నిచోట్ల "లోకల్ ఐడీ ఒప్పుకోం" అంటారు. యాప్‌లో డబ్బు కట్టేసి వెళ్లాక ఈ మాట చెప్తే రిఫండు రావడం కష్టం. ఇంట్లో పెళ్లి ఉండి చుట్టాల కోసం మన పేరు మీద గదులు బుక్ చేసేవాళ్లు ముందే కనుక్కోవాలి.

రుషికొండ కిరణ్

బిల్లులో కొట్టేదే నా దృష్టిలో అసలు మోసం. రూ.20 వాటర్ బాటిల్ రూ.50కి అమ్ముతారు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే నేరం, లీగల్ మెట్రాలజీకి (తూనికలు కొలతల శాఖ) ఫిర్యాదు చేయండి. సర్వీస్ చార్జీ అని 10 శాతం కలుపుతారు, అది చట్టప్రకారం కట్టాల్సిందే కాబట్టి దానికి ఏం చేయలేం.

బ్యాంకు మాష్టారు

కిరణ్ బాబూ, ఆ రెండూ తారుమారయ్యాయి. కోప్పడకుండా వినండి.

హోటళ్లు, రెస్టారెంట్లు వాటర్ బాటిల్‌ని ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్మొచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ వట్టి సరుకు అమ్మకమే కాదు, కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా ఉందని కోర్టు వాదన. కాబట్టి దాని మీద గొడవపడి లాభం లేదు, బయట కొనుక్కుని వెళ్లడం మేలు.

సర్వీస్ చార్జీ సంగతి దానికి పూర్తిగా భిన్నం. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే తీసేయమని అడుగుతాం. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ మాట చెప్పగానే చాలాచోట్ల తీసేస్తారు.

ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి రూ.7,500 దాకా ఉన్న గదికి 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. రూ.7,500 దాటితే 18. రూ.1,800 గదికి పన్ను 90 రూపాయలు. పాత లెక్కలో 216 వేసి ఇస్తే అడగండి. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌ది అయితే 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా చేత్తో "జీఎస్టీ" అని రాసి డబ్బు తీసుకుంటే ఆ డబ్బు ప్రభుత్వానికి చేరదు. జీఎస్టీ పోర్టల్లో నంబరు కొడితే వ్యాపారం పేరు కనబడుతుంది.

రుషికొండ కిరణ్

నాకు తెలిసింది తప్పని తేలింది, వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు మాష్టారూ. ఎమ్మార్పీ సంగతి వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ చూసి నమ్మాను.

ఎంవీపీ పద్మజ

ఆధార్ జిరాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు. కౌంటరులో కుర్రాడు తన సొంత ఫోన్లో మన ఆధార్ ఫొటో తీసుకుంటాడు. ఆ ఫొటో ఎన్నాళ్లుంటుంది, ఎవరికి పోతుంది? నాకు అదే టెన్షన్.

డాబాగార్డెన్స్ డెస్క్

న్యాయమైన టెన్షనే. గుర్తింపు చూసి రిజిస్టరులో రాసుకోవడం మాకు తప్పనిసరి, పోలీసులు తనిఖీకి వస్తారు. కానీ ఆధారే ఇవ్వాలని లేదు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఏదైనా సరిపోతుంది. పాన్ కార్డు మీద అడ్రసు ఉండదు కాబట్టి దాన్ని మాత్రం చాలాచోట్ల ఒప్పుకోరు.

ఆధార్ ఇవ్వదలిస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఎంపిక ఉంటుంది. 12 అంకెల్లో మొదటి ఎనిమిదీ కనబడవు, చివరి నాలుగే ఉంటాయి. కాగితం కాపీ ఇస్తే దాని మీదుగా హోటల్ పేరు, తేదీ, "గది కోసం మాత్రమే" అని పెన్నుతో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. సొంత ఫోన్లో ఫొటో తీస్తానంటే "మీ ఆఫీసు స్కానర్లో తీయండి" అని నెమ్మదిగా చెప్పండి. మేం అలాంటి గెస్టుల్ని తప్పుపట్టం.

ఆధార్ యాప్‌లో వేలిముద్రల్ని లాక్ చేసుకోవచ్చు. ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసే మోసాలకి అది అడ్డుకట్ట. అవసరమైనప్పుడు ఆ లాక్ తీసేసుకోవచ్చు.

మద్దిలపాలెం మౌనిక

నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. హోటల్లో దిగకుండానే హోటళ్ల పేరుతో డబ్బు పోగొట్టుకున్న స్నేహితులు నాకు ఉన్నారు. ఇక్కడ స్టూడెంట్స్ ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

వాట్సాప్‌కి మెసేజ్ వస్తుంది: "ఇంట్లో కూర్చుని హోటళ్లకి ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వండి, రోజుకి వేలల్లో సంపాదించండి". మొదట మ్యాప్‌లో మూడు హోటళ్లకి రేటింగ్ ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే నిజంగానే 150, 200 రూపాయలు వేస్తారు. నమ్మకం కుదిరాక టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ "ప్రీపెయిడ్ టాస్క్" అంటారు. 2,000 కడితే 2,800 ఇస్తామంటారు, ఇస్తారు కూడా. తర్వాత 10,000, 30,000. వాళ్ల సైటులో మన బ్యాలెన్సు లక్షల్లో కనబడుతుంది, తీసుకోబోతే "ట్యాక్స్ కట్టండి", "మీరు టాస్క్ తప్పు చేశారు, గ్రూపు మొత్తం నష్టపోయింది" అని మళ్లీ డబ్బు అడుగుతారు. గ్రూపులో "నాకు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే.

మా హాస్టల్లో ఒకమ్మాయి ఫీజు డబ్బులన్నీ అలా పోయాయి. ఇంట్లో చెప్పలేక నెల రోజులు ఏడ్చింది. రేటింగ్ ఇస్తే డబ్బు ఇవ్వడమే తప్పుడు వ్యాపారం, ఆ రేటింగులు చూసి గదులు తీసుకునేవాళ్లు కూడా మోసపోతారు. హోటల్ రివ్యూలు చదివేటప్పుడు ఒకే వారంలో కుప్పలుగా పడిన ఫైవ్ స్టార్లని నమ్మకండి. గీజర్ పనిచేయలేదు, లిఫ్టు చిన్నది అంటూ వివరం రాసినవే చదవండి.

గాజువాక రవి

మౌనిక చెల్లెమ్మ చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. "తెలుగులో మాట్లాడాడు, మన వైపు యాసే ఉంది, మనవాడే" అని నమ్మే పెద్దవాళ్లు ఎంతోమంది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుంది కదా. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు మన కుర్రాళ్లని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, బెదిరించి సైబర్ మోసాలు చేయించారు. ఆ పిల్లలు కూడా బాధితులే, చాలామందిని తిరిగి తెచ్చారు. ఫోన్లో వినిపించే గొంతు మన ఊరి గొంతే అయినా, దాని వెనక ఎవడు కూర్చున్నాడో మనకి తెలీదు. యాసని సాక్ష్యంగా తీసుకోవద్దు.

అరకు కాఫీ

విశాఖ వచ్చినవాళ్లలో సగం మంది అరకు, వంజంగి కూడా ప్లాన్ చేస్తారు కాబట్టి ఒక మాట. చలికాలంలో వంజంగి మబ్బులు చూడటానికి జనం విపరీతంగా వస్తారు. పాడేరు వైపు టెంట్లు, హోమ్‌స్టేల పేరుతో ఇన్‌స్టాలో పేజీలు పుట్టుకొస్తాయి. మంచి వీడియోలు, అడ్వాన్సు మొత్తం ముందే, వెళ్లేసరికి ఫోన్ స్విచాఫ్. కొండ కింద చలిలో, చీకట్లో పిల్లలతో నిలబడటం చాలా కష్టం. ఇక్కడి గిరిజన కుటుంబాలు నిజాయితీగా నడిపే హోమ్‌స్టేలు ఉన్నాయి. దొంగ పేజీల వల్ల వాళ్ల పేరు కూడా పాడవుతోంది, నా బాధ అది.

ఇన్‌స్టా పేజీ ఎప్పుడు మొదలైందో, పేరు ఎన్నిసార్లు మారిందో "ఈ ఖాతా గురించి" అన్నచోట చూడొచ్చు. అరకులో ప్రభుత్వ పర్యాటకాభివృద్ధి సంస్థ హోటళ్లయితే ఆ సంస్థ సొంత సైటులో మాత్రమే బుక్ చేయండి. తీర్థయాత్రలకి, విహారయాత్రలకి వెళ్లేవాళ్లని లక్ష్యంగా చేసుకుని దొంగ బుకింగ్ సైట్లు నడుస్తున్నాయని కేంద్ర హోంశాఖ సైబర్ విభాగం 2025 ఏప్రిల్లో హెచ్చరిక కూడా ఇచ్చింది.

సీతమ్మధార శ్రీవల్లి

అలాగే అక్షయ తృతీయ నాడు సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి ముందు గిరి ప్రదక్షిణ. ఆ రోజుల్లో ఊరంతా గదులు దొరకవు. గది దొరకదన్న భయంలోనే మనం తొందరపడతాం, దొంగలకి కావాల్సిందీ అదే. అక్షయ తృతీయ, పౌర్ణమి తేదీలు క్యాలెండర్లో ఉంటాయి కాబట్టి ముందే బుక్ చేసుకోవడం నయం.

తగరపువలస తాతారావు

హోటల్ వైఫై వాడొచ్చా? మా అబ్బాయి వద్దంటాడు.

మద్దిలపాలెం మౌనిక

తాతారావు తాతయ్యా, వార్తలు, వీడియోలు చూసుకోవడానికి పర్లేదు. బ్యాంకు పని మాత్రం మీ సొంత మొబైల్ డేటాతో చేసుకోండి. హోటల్ పేరుకి దగ్గరగా ఇంకో పేరుతో దొంగ వైఫై పెట్టొచ్చు, అందుకని పేరు రిసెప్షన్‌లో అడిగే కలపండి. వైఫై కోసం యాప్ దించుకోమన్నా, ఏపీకే ఫైలు (ప్లేస్టోర్ బయట నుంచి యాప్ వేసే ఫైలు) పంపినా వద్దు. రిఫండు కోసమని ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమంటే ఫోన్ పెట్టేయండి. చార్జర్ మీది మీరే తెచ్చుకుని ప్లగ్గులో పెట్టుకోండి, ఎక్కడో ఉన్న యూఎస్‌బీ పోర్టులో కాదు.

పెందుర్తి ప్రసాదు

చదువుతుంటే మా బావగారి సంగతి గుర్తొచ్చింది. ఇలాగే దొంగ నంబరుకి రూ.14,000 కట్టారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అందులో రూ.9,000 ఏదో ఖాతాలో ఆపారని మెసేజ్ వచ్చింది. మిగతాది అప్పటికే తీసేశారట. ఆ ఆపిన డబ్బు చేతికి ఎలా వస్తుంది? స్టేషన్‌కి, బ్యాంకుకి తిరుగుతూనే ఉన్నారు. బ్యాంకేమో "మా దగ్గర ఏం లేదు" అంటోంది.

బ్యాంకు మాష్టారు

ప్రసాదు గారూ, మీ బావగారు వెంటనే ఫోన్ చేయడం వల్లే ఆ 9,000 ఆగింది. దొంగలు డబ్బుని ఖాతా నుంచి ఖాతాకి నిమిషాల్లో మార్చేస్తారు. 1930కి చెప్పగానే ఆ డబ్బు ఏ బ్యాంకుకి చేరితే ఆ బ్యాంకుకి సమాచారం వెళ్తుంది, అక్కడ మిగిలినంత వరకు ఆపుతారు. ఫోన్ చేసేటప్పుడు 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు, తేదీ, సమయం చేతిలో ఉండాలి. తర్వాత సైబర్‌క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పూర్తిచేయాలి.

ఇక్కడ ఒక తేడా అందరూ గమనించాలి. మన ప్రమేయం లేకుండా బయటివాళ్లు చేసిన మోసంతో డబ్బు పోతే, మూడు పని దినాల్లోగా చెప్పినవారికి నష్టం పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లో సర్క్యులర్ ఇచ్చింది. మనమే పిన్ కొట్టి పంపినదానికి ఆ రక్షణ అంత సులువుగా దొరకదు. అందుకే 1930కి చేసే ఆ మొదటి ఫోనే ముఖ్యం.

మీ బావగారి విషయంలో, ఆపిన డబ్బు ఉన్నది ఆయన బ్యాంకులో కాదు, దొంగ ఖాతా ఉన్న బ్యాంకులో. అందుకే ఆయన బ్యాంకు "మా దగ్గర లేదు" అంటోంది. ఫిర్యాదు అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు తీసుకుని సైబర్ స్టేషన్‌కి వెళ్లి, ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో, ఎంత ఆపారో రాతపూర్వకంగా అడగమనండి. కోర్టు ఉత్తర్వు కావాలని వాళ్లంటే, దాంతో మేజిస్ట్రేట్ కోర్టులో డబ్బు విడుదల కోసం అర్జీ పెట్టుకోవాలి. కోర్టు ఉత్తర్వు ఆ బ్యాంకుకి చేరితే డబ్బు తిరిగి జమ చేస్తారు. లోక్ అదాలత్‌లో కూడా ఇలాంటివి పరిష్కరిస్తున్నారు, తర్వాతది ఎప్పుడో కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడగండి.

పెందుర్తి ప్రసాదు

ఇన్నాళ్లూ తిరిగింది వేరే బ్యాంకు చుట్టూ అన్నమాట. అర్జీతో ఏమేం జతచేయాలి మాష్టారూ?

బ్యాంకు మాష్టారు

డబ్బు పోయిన రోజు ఖాతా స్టేట్‌మెంటు మీద బ్యాంకు ముద్ర వేయించండి. 1930 నుంచి వచ్చిన మెసేజ్, పోర్టల్ ఫిర్యాదు ప్రింటు, ఎఫ్ఐఆర్ అయి ఉంటే దాని కాపీ, ఆ దొంగతో జరిగిన వాట్సాప్ చాట్ ప్రింట్లు, గుర్తింపు కార్డు కాపీ పెట్టండి. చాట్ డిలీట్ చేయొద్దని బావగారికి ఈ రోజే చెప్పండి.

డాబాగార్డెన్స్ డెస్క్

ప్రసాదు గారూ, వాళ్లు వాడింది ఏ హోటల్ పేరో ఆ హోటల్ నుంచి "ఈ నంబరు, ఈ ఖాతా మావి కావు, ఈ తేదీన ఈ పేరు మీద బుకింగ్ లేదు" అని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మేం ఆ బెంగాల్ కుటుంబానికి ఆ రోజే అలా రాసిచ్చాం. హోటల్ విశాఖలోదే అయితే పేరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి, అక్కడి మేనేజరుతో నేను మాట్లాడతాను.